'నిప్ ఇట్ ఇన్ ద బడ్' అంటే నా పని ఆపెయ్యమనా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. తెలుగు మీడియంలో చదువుకున్నాను, ఈమధ్యే టెస్టింగ్ టీంలో చేరాను. మొన్న లాగిన్ పేజీలో ఒక చిన్న బగ్, అంటే ప్రోగ్రాంలో తప్పు, పట్టుకుని మెయిల్ పెడితే మా మేనేజర్ గారు 'లెట్స్ నిప్ ఇట్ ఇన్ ద బడ్' అని రిప్లై ఇచ్చారు. బడ్ అంటే మొగ్గ, నిప్ అంటే గిల్లడం, ఇంతవరకు తెలుసు. రెండూ కలిపి చూస్తే నన్నే ఆపెయ్యమంటున్నారేమో అని రాత్రంతా నిద్ర లేదు. ఇది మన 'మొక్కై వంగనిది మానై వంగునా' లాంటిదేనా?

రిప్లై 1:
కంగారు పడకండి అండి, ఆ 'ఇట్' మీరు కాదు, బగ్. ముదరకముందే తీసేద్దాం అంటున్నారు, పేపర్లో 'మొగ్గలోనే తుంచేయాలి' అని రాస్తారే, అదే. మొక్కై వంగనిది వేరే, అక్కడ వంచి దారిలో పెట్టడం, ఇక్కడ అసలు లేకుండా చెయ్యడం. నన్నడిగితే దీనికి బాగా దగ్గరి మాట మనకి ఉంది, గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకూడదు అంటాం చూడండి. గోడ పగులులో మొలిచిన రావి మొక్క రెండాకుల మీద ఉన్నప్పుడు రెండు వేళ్ళతో లాగితే వచ్చేస్తుంది, నాలుగేళ్ళు వదిలేస్తే గోడే పగలగొట్టాలి. మీ బగ్ ఇప్పుడు రెండాకుల మీదుంది.

రిప్లై 2:
బాగా చెప్పారు. ఇంకో ముక్క, 1590ల్లో ఇంగ్లీషులో మొగ్గ అని కాదు, 'నిప్ ఇన్ ద బ్లూమ్' (బ్లూమ్ అంటే పూత) అనేవాళ్ళు, 1600లు వచ్చాక బడ్ అయింది. అక్కడ చలి మంచు పడి మొగ్గ మాడితే ఇక కాయ ఉండదు, దాన్ని కూడా నిప్ అనే అంటారు. ఇంకోటి, కొందరు 'బడ్' బదులు 'బట్' అనేస్తారు, అర్థం పిర్ర గిల్లడం అయిపోతుంది, ఆఫీసులో జాగ్రత్త.

రిప్లై 3:
చామంతి పెంచేవాళ్ళకి ఇక్కడ ఒక తికమక వస్తుంది. మా అమ్మమ్మ నారు జానెడు ఎదగ్గానే బొటనవేలి గోరుతో తలలు తుంచేది, పక్క కొమ్మలేసి పూలు విరగబూసేవి. అది చిగురు తుంచడం, మొగ్గ కాదు. మొగ్గ గిల్లితే ఆ పువ్వు ఇక లేనట్టే. అందుకే ఈ మాట గొడవలు, పుకార్లు, చెడు అలవాట్లు లాంటివాటికే ఎక్కువ వాడతారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి, ప్రాణం లేచొచ్చింది. బగ్ సరిచెయ్యమని డెవలపర్ గారికి ఇప్పుడే టికెట్ పెట్టాను.