అమ్మకు పరగడుపున షుగర్ 131, మూడు నెలలది 6.1. ఏది నమ్మాలి?

దేవరకొండ బిడ్డ: అమ్మకు 54 ఏళ్లు. ఊళ్లో క్యాంపులో వేలు గుచ్చి చూస్తే 218 వచ్చింది. గుండె గుభేలుమంది. టౌన్‌లో ల్యాబ్‌కు తీసుకుపోతే పరగడుపున 131, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.1. ఒక డాక్టరు షుగరే, మందు మొదలుపెట్టమన్నారు. ఇంకొకరు ఆగమన్నారు. ఏది నమ్మాలి? ఇంట్లో మిషన్ కొనాలా? కళ్లు ఇప్పుడే చూపించాలా?

పాలమూరు జొన్న: మందులు తర్వాత, ముందు రాత్రి అన్నం బంద్ చేయించు తమ్మీ. జొన్న రొట్టె మీదే ఉన్నా, నాకు 210 నుంచి 140కి దిగింది.

మిర్యాలగూడ మిల్లు: రొట్టెలు ఎన్ని తింటున్నావో కూడా చెప్పు జొన్నన్నా. మా బావ కూడా ఇట్లనే పూటకు ఐదు లాగించి, షుగర్ ఎందుకు దిగడం లేదని అడుగుతాడు. జొన్నలోనూ పిండిపదార్థమే కదా.

పాలమూరు జొన్న: నేను రెండే తింటా. మందు కూడా వేసుకుంటున్నా, అది రాయడం మరిచిపోయిన.

నిడమనూరు తోట: క్యాంపులో 218 అంటే, అంతకుముందు అమ్మ ఏం ముట్టుకుంది? పోయినసారి మనవడికి రెండు బత్తాయిలు ఒలిచి పెట్టి, అదే చేత్తో గుచ్చుకుంటే నాకు 287. టెన్షన్‌తో చెమటలు పట్టినయ్. మా ఇంటామె సబ్బుతో చేతులు కడిగించి, తుడిపించి, ఇంకో వేలు గుచ్చితే 149. గోరు సందులో రసం ఉన్నా చాలు, మిషన్ దాన్ని కూడా లెక్కేస్తుంది.

ల్యాబ్ 19 ఏళ్లు: నేను 19 ఏళ్లుగా చేస్తున్న పని ఇదే కాబట్టి చెప్తున్నా. వేలు గుచ్చే మిషన్‌తో జబ్బు ఉందని తేల్చరు. అది షుగర్ ఉన్నవాళ్లు రోజూ చూసుకోవడానికి. ఇక ల్యాబ్‌ది అంటారా, రక్తం ఏ గొట్టంలో తీశారో అడగండి. బూడిద రంగు మూత గొట్టంలో ఫ్లోరైడ్ ఉంటుంది, రక్తకణాలు చక్కెరను తినెయ్యకుండా ఆపుతుంది. ఎర్ర మూత గొట్టంలో తీసి మధ్యాహ్నం దాకా బల్ల మీద వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం పడిపోతుంది. అట్లయితే ఆ 131 అసలు ఇంకా ఎక్కువే.

మర్రిగూడ: ఫ్లోరైడా? మా నాయన బోరు నీళ్లు తాగీ తాగీ నడుం వంగిపోయిండు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. ఆ విషమే పరీక్ష గొట్టంలో కూడా పోస్తారా?

ల్యాబ్ 19 ఏళ్లు: ఆ గొట్టం మీ నాయన నోట్లో పొయ్యం కదన్నా. బయటికి తీసిన రక్తంలో కలుస్తుంది, అది మళ్లీ ఒంట్లోకి పోదు. ఇంత చిన్న విషయం...

మర్రిగూడ: చిన్న విషయమా? మా ఇంటికొచ్చి ఆయన్ను ఒకసారి మంచం మీద నుంచి లేపు, చిన్నదో పెద్దదో తెలుస్తుంది. సూది గుచ్చేటోళ్లంతా డాక్టర్లు అయిపోయిండ్రు.

మిర్యాలగూడ మిల్లు: కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్నా మా అత్తగారి ఊళ్లో బోరు నీళ్లే రుచి అంటారు. వాళ్లనేమనాలి?

ల్యాబ్ 19 ఏళ్లు: నోరు జారిన, ఏమనుకోకన్నా. మాది చండూరు పక్కనే, నా పళ్ల మీద మరకలు చూస్తే నీకే తెలుస్తుంది. గొట్టంలో ఉన్న ఫ్లోరైడ్ కూడా వెంటనే పని చెయ్యదు, మొదటి గంటా రెండు గంటలు చక్కెర కొంత తగ్గుతూనే ఉంటుంది. అందుకే రక్తం తియ్యగానే మిషన్‌లో తిప్పి కణాలను వేరు చెయ్యాలి.

అచ్చంపేట: మీ గొట్టాల గొడవలో పాదాల ఊసే లేదు. మా చిన్నాయన పుణెలో కాంక్రీటు పనికి పోయేవాడు. షుగర్‌తో పాదాలు మొద్దుబారి, చెప్పులో నుంచి మేకు దిగితే సాయంత్రం దాకా తెలియలేదు. విప్పితే రక్తం ఎండి, చెప్పు మడమకు అతుక్కుపోయి ఉంది. పుండు ముదిరి కాలు సగం పోయింది. ప్రతి నెలా షుగర్ చూపించుకున్న కాగితాలన్నీ బియ్యం డబ్బా మీద కవర్లో భద్రంగా ఉన్నయ్. ఆ ఏడేళ్లలో పాదం మాత్రం ఒక్కరూ ముట్టి చూడలేదు. తమ్మీ, అమ్మకు షుగర్ అని తేలితే అప్పటి నుంచే పాదాలు, చుక్కలు వేసి కంటి రెటీనా, కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ ఏడాదికోసారి అడిగి మరీ చేయించు. చుక్కలు వేసిన రోజు వెంట మనిషి ఉండాలి, కళ్లు మసకబారతయ్.

దేవరకొండ బిడ్డ: అందరికీ థాంక్స్. ఒకటి చెప్పలేదు, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు. నెల కింద అమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయింది, రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు.

ల్యాబ్ 19 ఏళ్లు: అయ్యో తమ్మీ, అది కదా ముందు చెప్పాల్సింది! హెచ్‌బీఏ1సీ అంటే ఎర్రకణాలకు అంటుకున్న చక్కెర లెక్క. ఇప్పుడు అమ్మ ఒంట్లో కొన్ని కణాలు ఇంకెవరివో. పైగా రక్తం పోయినప్పుడు కొత్త కణాలు పుడతయ్, వాటికి చక్కెర అంటుకునే టైమే ఉండదు. ఆ 6.1ని నమ్మలేం, ఇంకో మూడు నెలలు ఆ పరీక్ష జోలికి పోకండి. పరగడుపుది మళ్లీ చేయించు. రెండోసారి కూడా 126, ఆపైన వస్తే షుగరే. ఆపరేషన్ దెబ్బకు కూడా షుగర్ కొంత పెరుగుతుంది, ఆగమన్న డాక్టరు బహుశా అది చూసే అని ఉంటారు. ఈ రక్తం సంగతి ఇద్దరికీ చెప్పు.

దేవరకొండ బిడ్డ: శనివారం పోతాం. రాత్రి తొమ్మిదికి తినిపించి పొద్దున ఏడింటికి ల్యాబ్‌లో ఉంటాం. పది గంటలు తిండి ఆపడం సులువే, అమ్మతో చాయ్ మాన్పించడమే కష్టం.

పాలమూరు జొన్న: ఒక్క గుక్క కూడా వద్దు. మంచినీళ్లు తాగొచ్చు.

మర్రిగూడ: తమ్మీ, మూత ఏ రంగుదో చూసి ఇక్కడ రాయి. సోమవారం నాయనను కూడా తీసుకుపోవాలి.