పక్కవాడి 2038 కోసం మన లైబ్రరీల పేర్లు మార్చాలా?

సిడ్‌వాసి:
లినక్స్ పంపిణీ డెబియన్ వెర్షన్ ట్రిక్సీ 2025 ఆగస్టులో వచ్చేసింది, గొడవ సద్దుమణిగింది కాబట్టి ఇప్పుడు అడుగుతున్నా. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అన్‌స్టేబుల్ (విడుదలకి ముందు ప్యాకేజీలు చేరే శాఖ) వాడినవాళ్లకి ఆ టీ64 మార్పు గుర్తుండే ఉంటుంది: 2038 సమస్య కోసం 32 బిట్ల మెషిన్లలో టైమ్‌ని 64 బిట్లకి మార్చి, లైబ్రరీల పేర్ల చివర టీ64 తగిలించడం. లిబ్‌ఎస్ఎస్ఎల్3 కాస్తా లిబ్‌ఎస్ఎస్ఎల్3టీ64 అయిపోయింది, ఇలా వందల లైబ్రరీలు, ఫుల్-అప్‌గ్రేడ్ కొడితే సగం డెస్క్‌టాప్ పీకేస్తానంటుంది ఆప్ట్ (ప్యాకేజీలు ఎక్కించే టూల్). ఏఎండీ64లో (మామూలు 64 బిట్ల పీసీల్లో) టైమ్‌_టీ (సమయాన్ని దాచే డేటా టైపు) ఎప్పటినుంచో 64 బిట్లే, మా బైనరీల్లో మారిందేమీ లేదు. పక్కింటి పెళ్లికి మన గోడలకి సున్నం కొట్టించినట్టుంది.

బోర్డుబాబు:
పక్కిల్లు మాదే లెండి 😀 బీగిల్‌బోన్ అనే చిన్న బోర్డు మీద డెబియన్ ఆర్మ్‌హెచ్‌ఎఫ్ (32 బిట్ల ఆర్మ్ వెర్షన్) నడుపుతున్నా. 32 బిట్ల టైమ్‌_టీ 2038 జనవరి 19తో అయిపోతుంది, ఆ తర్వాతి సమయం అందులో పట్టదు. ఫ్యాక్టరీలో ఒకసారి బిగించిన బోర్డు పదిహేనేళ్లు కదలదు, అంటే ఇది ఇప్పటి సమస్యే. గ్లిబ్‌సీ (ప్రోగ్రాములు వాడుకునే సీ లైబ్రరీ) 2.34 నుంచి 64 బిట్ల టైమ్ పెట్టుకునే వీలుంది, కానీ ఆ ఫ్లాగుతో కంపైల్ చేస్తే స్ట్రక్చర్ల సైజులే మారతాయి. పాత ప్రోగ్రాము కొత్త లైబ్రరీని లోడ్ చేసుకుంటే ఎర్రర్ కూడా రాదు, డేటా చడీచప్పుడు లేకుండా పాడవుతుంది. అవి రెండూ కలవకుండా ఆపాలంటే ప్యాకేజీ పేరు మార్చాల్సిందే.

సిడ్‌వాసి:
మార్చండి, ఆర్మ్‌లో మార్చుకోండి! ఐ386ని (32 బిట్ల పీసీని) ఎలాగూ వదిలేశారుగా, పాత గేములూ, విండోస్ ప్రోగ్రాములు నడిపే వైనూ ఆగిపోతాయని. దానికిచ్చిన మినహాయింపు మాకెందుకివ్వరు?

ప్యాకేజీపంతులు:
ఐ386కి మినహాయింపు ఏబీఐ (కంపైలైన బైనరీలు ఒకదానితో ఒకటి కలిసే పద్ధతి) విషయంలోనే అండి, పేరు అక్కడా మారింది. ఒక సోర్సుకి ఒకటే కంట్రోల్ ఫైలు (ప్యాకేజీల పేర్లు, ఆధారాలు రాసేది). ఆర్మ్‌లో ఒక పేరు, మిగతాచోట్ల ఇంకోటి అంటే ప్రతి లైబ్రరీకీ రెండు పేర్లు రాసి, డెవ్ ప్యాకేజీ ఎక్కడ దేనిమీద ఆధారపడాలో చెప్పి, దాన్ని ఏళ్ల తరబడి మోయాలి. మోసేది జీతం లేని మనుషులు. పైగా ఏబీఐ మారని చోట పాత పేరుని ‘ప్రొవైడ్స్’లో (ఈ పేరు కూడా నేనే ఇస్తానని ప్యాకేజీ చెప్పే చోటు) ఉంచారు, అందుకే ఏఎండీ64లో పాత డెబ్ ఫైళ్లు చాలావరకు ఇప్పటికీ ఎక్కుతున్నాయి.

ఫ్రెషర్_హైదరాబాద్:
ఎక్స్‌జెడ్ (కంప్రెషన్ టూల్)లో దొరికిన బ్యాక్‌డోర్ కూడా ఈ మార్పు వల్లే దూరిందంటారు కదా?

ప్యాకేజీపంతులు:
కాదు తమ్ముడూ. అది 2024 మార్చి 29న బయటపడింది, నెల ఒకటే అంతే. అక్కడ దారి వేరు: డెబియన్ ఎస్‌ఎస్‌హెచ్‌కి (రిమోట్ లాగిన్ ప్రోగ్రాముకి) సిస్టమ్‌డీ నోటిఫికేషన్ ప్యాచ్ వేసింది, దాంతో లిబ్‌సిస్టమ్‌డీ, దాని వెనకాలే లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ (ఎక్స్‌జెడ్ లైబ్రరీ) వచ్చాయి. డిపెండెన్సీ మీద కోప్పడాలంటే అసలు కోప్పడాల్సింది దానిమీద.

ఆప్స్‌అక్క:
ప్రొవైడ్స్ ఉంది కదా అని అంత ధీమాగా చెప్పకండి పంతులుగారూ. డెబియన్ మీద కట్టిన ఉబుంటు 24.04లో డాకర్‌ఫైల్ (కంటైనర్ తయారీ స్క్రిప్టు) కట్టి చూడండి. హెడ్‌లెస్ (స్క్రీన్ లేని) క్రోమ్ కోసం అందరూ రాసే లిబ్‌అసౌండ్2 అక్కడ వర్చువల్ (పేరుకే ఉండే) ప్యాకేజీ, దాన్ని ఇస్తామనేవి రెండున్నాయి, ఏది కావాలో నువ్వే తేల్చుకో అని ఆప్ట్ చేతులెత్తేస్తుంది. మా టీమ్‌లో పైప్‌లైన్లన్నీ ఎర్రగా. పేరు మారడం తప్పదనే అనుకుందాం, కానీ వాడేవాడికి కనిపించేది ఆ పేరే కదా, ‘అది లోపలి వ్యవహారం’ అంటే ఎలా?

ప్యాకేజీపంతులు:
లైబ్రరీ పేరు చేత్తో రాయడమే తప్పంటాను. క్రోమ్ డెబ్ ఫైలునే ఆప్ట్‌కి ఇస్తే కావల్సినవి అదే తెచ్చుకుంటుంది.

ఆప్స్‌అక్క:
తప్పే, కాదనను. కానీ ఆ లిస్టు మేం కనిపెట్టింది కాదు, టూల్స్ వాళ్ల సొంత డాక్యుమెంట్లలోంచే ఎత్తుకున్నాం. రెండు ప్యాకేజీలు పోటీపడే చోటు ఒక్కటున్నా విడుదలకి ముందే పట్టుకోవచ్చుగా?

సిడ్‌వాసి:
నా బాధ కూడా దాదాపు అదే. ఎక్స్‌పెరిమెంటల్‌లో ముందు పెట్టారు, మంచిదే, కానీ అన్‌స్టేబుల్‌కి వచ్చాక సగం లైబ్రరీలు మారి సగం మారక వారాలు నడిచింది. కారణం ఇప్పుడు ఒప్పుకుంటా బోర్డుబాబూ. ఆ వారాల్లో మాత్రం ఉత్త అప్‌గ్రేడ్ తప్ప ఫుల్-అప్‌గ్రేడ్ జోలికి పోలేదు, దేన్నీ పీకదు కదా అని.