'పెకాన్ పై' రుచి తగిలిస్తే అది ఓల్డ్ ఫ్యాషన్డేనా?

తీపిబాబు: థాంక్స్‌గివింగ్‌కి ఇంట్లో 'పెకాన్ పై' (పెకాన్ గింజలతో చేసే అమెరికన్ స్వీట్) రుచి వచ్చేలా ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ కాక్‌టెయిల్ కలిపాను. బోర్బన్ విస్కీ 60 మి.లీ., వేయించిన పెకాన్లు, దాల్చినచెక్క వేసి కాచిన బ్రౌన్ షుగర్ సిరప్ 20 మి.లీ., అంగోస్టురా బిట్టర్స్ (చేదు మూలికల సారం) రెండు డ్యాష్‌లు, పైన క్యారమెల్ సాస్. మా బావమరిది ఒక్క గుటక వేసి "స్పూన్ ఏది బావా?" అన్నాడు. అంత ఘోరమా? మీరే చెప్పండి.

నిమ్మతొక్క: మీ బావమరిదికే నా ఓటు. అసలు ఆ పేరు ఎలా వచ్చిందనుకున్నారు? 19వ శతాబ్దం చివర్లో అమెరికా బార్లలో విస్కీ కాక్‌టెయిల్‌లో కురసావ్, ఆబ్సింత్ లాంటి వేరే మద్యాలన్నీ కుమ్మరించడం మొదలుపెడితే, విసిగిపోయిన పాతకాపులు "నాకు పాత పద్ధతిలోనే కలుపు" అని అడిగేవారు. అంటే ఆ పేరే ఒక ఫిర్యాదు. దాని మీద క్యారమెల్ పోయడమా!

గోదారిగాలి: అన్నా, మరీ అంత మడి కట్టుకోకు. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పత్రిక ఒకటి కాక్‌టెయిల్‌ అంటే ఏంటో చెప్పింది: మద్యం, చక్కెర, నీళ్లు, బిట్టర్స్. తీపి అప్పటి నుంచే ఉంది. విస్కాన్సిన్ వెళ్లి చూడు, బ్రాందీలో నారింజ, చెర్రీ నలిపి పైన తియ్యటి సోడా పోసి దాన్నే ఓల్డ్ ఫ్యాషన్డ్ అంటారు. వాళ్లనెవరూ వెలివేయలేదే!

నిమ్మతొక్క: చక్కెర ఉండకూడదని నేననలేదు. ఒక్క క్యూబ్ ఎక్కడ, 20 మి.లీ. సిరప్ ఎక్కడ? పైగా బోర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో ఊరబెడతారు, వెనిల్లా వాసన అక్కడే పట్టేస్తుంది. ఉన్న తీపి మీద ఇంకో తీపి. పూర్ణంబూరెకి పాకం పట్టినట్టు.

రాత్రిషిఫ్ట్: రెండేళ్లు బార్ వెనక నిలబడ్డాను కాబట్టి చెప్తున్నా. స్వీట్ వాసన తేవాలి గానీ స్వీట్‌ని తేకూడదు. క్యారమెల్ సాస్ ఐస్ తగలగానే గ్లాసు అడుగున బంకలా అతుక్కుంటుంది. కడిగేవాడికే తెలుస్తుంది ఆ బాధ. దాని బదులు వెన్న ఎర్రగా కాచి, 750 మి.లీ. సీసాకి 100 గ్రాముల లెక్కన విస్కీలో కలిపి, కాసేపాగి ఫ్రీజర్‌లో పెట్టండి. పొద్దుటికి పైన కొవ్వు పెంకులా గడ్డకడుతుంది. తీసేసి వడకడితే కమ్మటి వాసన మాత్రం మిగులుతుంది. 2007లో న్యూయార్క్‌లోని పీడీటీ బార్‌లో డాన్ లీ ఇదే పద్ధతిలో బేకన్ కొవ్వు వాడి, మేపుల్ సిరప్ కలిపి ఓల్డ్ ఫ్యాషన్డ్ చేశాడు. అది ఎంత పేరు తెచ్చుకుందో తెలుసు కదా.

గోదారిగాలి: వెన్నకి బదులు నెయ్యి?

రాత్రిషిఫ్ట్: భేషుగ్గా. సిరప్‌కి బెల్లం కూడా వాడొచ్చు, తీగపాకం రాకముందే దించెయ్. లేకపోతే సీసాలోనే పలుకులు కడుతుంది.

తీపిబాబు: నిన్న మళ్లీ కలిపాను. బోర్బన్ తీసేసి కాస్త ఘాటుగా ఉండే రై విస్కీ, సిరప్ 5 మి.లీ. మాత్రమే, సాస్ లేదు, పైన నారింజ తొక్క పిండాను. బావమరిది స్పూన్ అడగలేదు, రెండో గ్లాసు అడిగాడు.

నిమ్మతొక్క: సంతోషం. పేరు మాత్రం మార్చండి.

తీపిబాబు: మార్చను గాక మార్చను.