డిజిటల్ ప్రతిరూపాలు వచ్చాక మోడలింగ్‌లో పని దొరుకుతుందా?

ప్రశ్న: 30 మంది మోడళ్లకు డిజిటల్ ప్రతిరూపాలు (అచ్చం వాళ్లలాగే కనిపించేలా కంప్యూటర్‌తో సృష్టించే రూపాలు) తయారు చేయిస్తామని హెచ్ అండ్ ఎం దుస్తుల సంస్థ 2025 మార్చిలో ప్రకటించింది. మా చెల్లెలు కేటలాగ్ ఫోటోలకు మోడలింగ్ చేస్తుంది. ఆమె ఈ రంగంలో కొనసాగవచ్చా?

సమాధానం: ర్యాంప్ కన్నా ముందు దెబ్బ తగిలేది కేటలాగ్ పనికేనండీ. ఒకే కుర్తాను అన్ని రంగుల్లోనూ తొడిగి, ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి తీసే ఫోటోలను కంప్యూటర్ తేలిగ్గా సృష్టిస్తుంది. మేకప్ వేసేవారి ఉపాధి కూడా పోతుందన్నదే నా బాధ.

మరో సమాధానం: న్యూయార్క్‌లో 2025 జూన్‌లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, మోడల్ ప్రతిరూపాన్ని వాడాలంటే ఎందుకు, ఎంతకాలం, ఎంత పారితోషికానికి అన్నది స్పష్టం చేస్తూ రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. మీ చెల్లెలి ఒప్పందంలోనూ ఈ షరతులను తప్పక రాయించండి.