పాత ఫోర్డ్ ట్రక్కు: చలికాలం వస్తే చాలు, హైవే మీద ఆగిపోతోంది

పాతబండి79
డెట్రాయిట్ శివార్లలో ఉంటాను. 1979 ఫోర్డ్ ఎఫ్-150, 300 స్ట్రెయిట్ సిక్స్ (ఒకే వరుసలో ఆరు సిలిండర్ల ఇంజన్), సింగిల్ బ్యారెల్ కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపేది). హైవే ఎక్కిన పది నిమిషాలకు దగ్గుతూ దగ్గుతూ ఆగిపోతుంది. పక్కకు తీసి అయిదు నిమిషాలు కూర్చుంటే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, కాయిల్ మార్చేశా. వేసవిలో ఈ బాధ లేదు. చలికి ఏ ఆయిల్ మంచిదో కూడా చెప్పండి.

వినిపెగ్‌వాసి
బ్లాక్ హీటర్ పెట్టించు బ్రదర్, కరెంటుతో ఇంజన్‌ను వెచ్చగా ఉంచుతుంది. మైనస్ 30లో నా బండి మొదటి సెల్ఫ్‌కే లేస్తుంది. ఇక్కడ కెనడాలో పార్కింగుల్లో కూడా ప్లగ్ పాయింట్లుంటాయి.

పాతబండి79
అన్నా, స్టార్టింగ్ బాగానే ఉంది. ఆగిపోవడమే సమస్య.

లారీబాబాయి
30 ఏళ్లు కార్బురేటర్లు విప్పిన చేతులివి. నీ చోక్, అదే గాలి తగ్గించే పలక, మూసుకుపోయి ఉంటుంది, లేదా ట్యాంకులో చెత్త. ట్యాంకు దించు. ఈ కాలం పిల్లలకు పార్టులు మార్చడం తప్ప రిపేరు రాదు.

అరకుజీపు
చోక్ అంటే గుర్తొచ్చింది. మా నాన్నగారి పెట్రోల్ జీపులో చోక్ నాబ్ లాగితే నిలిచేది కాదు, బట్టల క్లిప్పు పెట్టేవారు. ఓ డిసెంబరులో లంబసింగి వెళ్తూ ఆ క్లిప్పు తీయడం మర్చిపోయాం. చింతపల్లి చేరేసరికి ప్లగ్గులు పెనం అడుగులా మసి.

కార్బుపిచ్చి
పాతబండి గారూ, దానికి పొగ బయటికి పోయే పాత ఇనుప మానిఫోల్డ్ తీయించి, హెడర్ గొట్టాలు వేయించారా?

పాతబండి79
రెండేళ్ల కిందట, సౌండ్ కోసం. ఎయిర్ క్లీనర్‌కు వెళ్లే వేడిగాలి గొట్టం అప్పుడే తీసేశారు. గరాజులో పడి ఉంది.

కార్బుపిచ్చి
దొరికింది. మీ కార్బురేటర్లో ఐసు పడుతోంది. ఆ ఇంజన్‌లో ఇంటేక్ (గాలి, పెట్రోల్ లోపలికెళ్లే దారి), ఎగ్జాస్ట్ (పొగ బయటికొచ్చే దారి) రెండూ ఒకే వైపు ఉంటాయి. పాత ఇనుప మానిఫోల్డ్ పైన ఉన్న ఇంటేక్‌ను కాచేది. హెడర్ వేశాక ఆ వేడి పోయింది, గొట్టం తీసేయడంతో రెండో దారీ మూసుకుపోయింది. ఈసారి ఆగిన వెంటనే ఎయిర్ క్లీనర్ మూత తీసి కార్బురేటర్లోకి టార్చి వేసి చూడండి.

లారీబాబాయి
పెట్రోల్ గడ్డకట్టడమా! ఎవరికి చెబుతున్నావ్ నాయనా?

కార్బుపిచ్చి
పెట్రోల్ అని నేనెక్కడన్నాను? పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు వేడిని లాగేస్తుంది, లోపల ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగానే తగ్గిపోవచ్చు. గాలిలోని తేమ, లోపలికెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ పళ్లెం చుట్టూ మంచై దారి మూసేస్తుంది. ఆగాక ఇంజన్ వేడికి కరిగిపోతుంది. అందుకే అయిదు నిమిషాలు.

లారీబాబాయి
అదే నిజమైతే మైనస్ 30లో ఆ వినిపెగ్ ఆయన బండి కదలనే కూడదు.

కార్బుపిచ్చి
గడ్డు చలిలో గాలి పొడిగా ఉంటుంది. ఇది సున్నాకి అటూ ఇటూ, తుంపర పడే రోజుల రోగం.

ఎగిరేపిల్ల
టెక్సాస్‌లో ఫ్లయింగ్ నేర్చుకున్నాను. కార్బురేటర్ ఉన్న చిన్న విమానాల్లో కార్బ్ హీట్ అని కార్బురేటర్‌కు వేడిగాలి పంపే ఓ నాబే విడిగా ఉంటుంది, దీని కోసమే. ఎండ కాస్తున్న రోజున కూడా ఐసు పట్టొచ్చని మొదట్లోనే నూరిపోశారు.

లారీబాబాయి
ట్రక్కు గురించి అడిగితే విమానం ఎక్కారు. కానివ్వండమ్మా.

పాతబండి79
గొడవ ఆపండి, చూశాను. నిన్న 2 డిగ్రీలు, ముసురు. ఆగగానే మూత తీశా. కార్బురేటర్ అడుగున బయటంతా తెల్లటి నూగు, లోపల పళ్లెం అంచున పాత ఫ్రిజ్ ఫ్రీజర్‌లా పెచ్చు. చూస్తుండగానే చుక్కచుక్కగా కారిపోయింది. పోయిన వారం మైనస్ 15లో మాత్రం హాయిగా తిరిగాను! ముగ్గురు మెకానిక్‌లకు డబ్బులిచ్చాను, ఒక్కరూ మూత తీయలేదు.

కార్బుపిచ్చి
జంక్‌యార్డులో పాత మానిఫోల్డ్, వేడిగాలిని ఆ గొట్టంలోకి పంపే దాని మీది రేకు, కలిపి తెచ్చుకోండి. గరాజులోని గొట్టం మళ్లీ తగిలించండి. ఆయిల్ 5డబ్ల్యూ-30 చాలు, చలిలోనూ పల్చగా పారుతుంది.

లారీబాబాయి
నేను చిక్కటి 20డబ్ల్యూ-50 తప్ప పోయను.

ఎగిరేపిల్ల
మీరెక్కడుంటారు బాబాయ్?

లారీబాబాయి
విజయవాడ.

పాతబండి79
మానిఫోల్డ్ దొరికింది. కానీ హెడర్ విప్పుతుంటే దాన్ని పట్టి ఉంచే ఒక స్టడ్ (బోల్టు) ఇంజన్ హెడ్‌లోనే విరిగింది. టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి.

లారీబాబాయి
డ్రిల్లు జోలికి పోకు. విరిగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించు, ఆ వేడికే సగం వదులుతుంది. చల్లారుతుండగా కొవ్వొత్తి ఆనించు, మైనం మరల్లోకి దిగుతుంది. తర్వాత నట్టును అటూ ఇటూ ఆడిస్తూ మెల్లగా తిప్పు. విసురుగా తిప్పావా, మళ్లీ మొదటికొస్తుంది.

పాతబండి79
వచ్చేసింది బాబాయ్! మూడో నట్టుకు.

వినిపెగ్‌వాసి
ఆ హెడర్ పారేయకు, నేను కొంటాను. మాది ఎలాగూ పొడి చలే కదా.