ఈజిప్టు ‘అమ్యులెట్’: తాయెత్తా, రక్షా?

పాప స్కూల్ ప్రాజెక్టు కోసం ప్రాచీన ఈజిప్టు అమ్యులెట్‌కి (కీడు తగలకుండా ఒంటి మీద ఉంచుకునే చిన్న వస్తువుకి) తెలుగు మాట కావాలని, తాయెత్తు అంటే సరిపోతుందా అని నిన్న ఒక సోదరి అడిగారు. కామెంట్‌లో ఇమడదని విడిగా రాస్తున్నాను.

తాయెత్తు అనగానే మన కళ్ల ముందుకొచ్చేది చిన్న గొట్టం, లోపల ఏదో రాసి చుట్టిన రేకు, నల్లతాడు. దాని బలమంతా లోపలి రాతలో ఉంది. ఈజిప్టువాళ్లు మెడలో వేసుకున్నవి చాలావరకు అలాంటివి కావు. పేడపురుగు, కన్ను, స్తంభం, ముడి... ఆ ఆకారమే కాపాడుతుందని వాళ్ల నమ్మకం. దానికి తోడు రాయి, రంగు. దారం దూరడానికి ఒక బెజ్జం ఉంటే చాలు. వీటికి వాళ్లు వాడిన ‘మెకెత్’, ‘సా’ అనే మాటలు రెండింటికీ కాపాడటం అనే అర్థం. అందుకే నా ఓటు ‘రక్ష’కు. శ్రీరామరక్ష అంటామే, ఆ రక్షే. రక్షరేకు మాత్రం వద్దు, ఇక్కడ రేకు లేదు కదా.

అచ్చంగా తాయెత్తు అనదగ్గవీ ఉన్నాయి. క్రీ.పూ. 1000 తర్వాతి కాలంలో, ఈ బిడ్డను మేం కాపాడతాం అని దేవతలే మాట ఇస్తున్నట్టుగా సన్నటి పొడవాటి పపైరస్ (అదే పేరున్న నీటిమొక్క కాడలతో చేసిన కాగితం) మీద రాయించి, చుట్టి, గొట్టంలో పెట్టి పిల్లల మెడలో వేసేవారు. వాటిని నిస్సంకోచంగా తాయెత్తులు అనండి.

ఇంకొకటి, ఈజిప్టువాళ్ల నీలిపచ్చ పూసల్ని ‘గాజుపూసలు’ అని రాస్తున్నారు. అవి గాజు కావు, మట్టీ కావు. ఇసుకనో పలుగురాయినో మెత్తగా నూరి, కాస్త సున్నం, ఒక రకం ఉప్పు కలిపి చేసిన ముద్ద. ఆరుతుంటే, చెమ్మ గోడ మీదికి ఉప్పు తేలినట్టు, ఆ ఉప్పు పైకి వస్తుంది. కాలిస్తే అదే మెరుపు పూత అవుతుంది. రంగు రాగి వల్ల వస్తుంది. ఈజిప్టు పేరు ‘చెహెనెత్’, మెరిసేది అని. ‘మెరుగుపూస’ అంటే ఎలా ఉంటుంది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట ‘వాజ్’. పపైరస్ కాడ ఆకారంలో చేసిన రక్ష పేరు అది. మృతుల గ్రంథంలో (చనిపోయినవారి కోసం ఈజిప్టువాళ్లు రాసిన మంత్రాల సంపుటి) 159, 160 మంత్రాలు దీని గురించే, పచ్చరాయితో చేసి శవం గొంతు దగ్గర పెట్టమంటాయి. ఇంగ్లిష్ పుస్తకాలు చూసి మనవాళ్లు ‘ఆకుపచ్చ’ అని రాసేస్తారు. వాజ్ అంటే రంగు ఒక్కటే కాదు: పపైరస్ మొక్క, తాజాదనం, కళకళలాడుతూ ఉండటం కూడా. ఇవన్నీ ఒక్క మాటలో చెప్పాలంటే ఇంగ్లిష్ తడబడుతుంది. మనకు ఆ ఇబ్బందే లేదు. మా అమ్మమ్మ “పచ్చగా ఉండండ్రా” అని దీవిస్తే అందులో రంగూ ఉంది, చిగురూ ఉంది, నిండు సంసారమూ ఉంది. వాజ్‌కి తెలుగు ‘పచ్చ’. ముందు ‘ఆకు’ తగిలించి దాన్ని కుదించకండి.

దీనితో కలిసిపోయే మాట ఇంకొకటి ఉంది, జాగ్రత్త. ‘వాజెత్’ అనే నాగదేవత పేరు ఈ పచ్చ నుంచే వచ్చింది. హోరస్ అనే దేవుడి కన్ను పేరు ‘వెజాత్’ వేరే ధాతువు, దెబ్బ లేకుండా నిండుగా ఉన్నది అని. సేత్ అనే దేవుడు గాయపరిచిన ఆ కంటిని థోత్ అనే మరో దేవుడు బాగుచేశాడని కథ. ఈజిప్టు లిపిలో అచ్చులు రాయరు, అందుకే రెండు పేర్లూ తెలుగులో ఒకేలా తయారవుతున్నాయి. ఆ కన్నును ‘దిష్టికన్ను’ అనడం కూడా నాకు నచ్చదు. అది చెడుచూపు బొమ్మ కాదు, మానిన కన్ను.

సోదరి అడిగిన మరో సందేహం: ఇవి అలంకారానికి వేసుకునే నగలా, కాపాడతాయని వేసుకునే వస్తువులా? రెండూ. ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ మమ్మీ కట్లను 1925లో విప్పినప్పుడు పొరల మధ్య 140కి పైగా వస్తువులు దొరికాయి, వాటిలో హారాలూ ఉన్నాయి, రక్షలూ ఉన్నాయి. బతికున్నవాళ్లూ వాటిని పూసలతో కలిపి గుచ్చి వేసుకునేవారు.

మన దగ్గర పిల్లల మెడలో పులిగోరు వేసేవారు. అందులోనూ రాత లేదు, ఆకారమే రక్ష. దాన్ని ఎవరూ తాయెత్తు అనగా నేను వినలేదు. ఇలాంటి వాటన్నిటికీ కలిపి మీ ఊళ్లో ఏదైనా మాట ఉంటే కింద రాయండి, ఏ జిల్లానో కూడా చెప్పండి.