సమస్యాపూరణం: పిల్ల తల్లికంటెఁ బెద్దదయ్యె

పద్యపిచ్చి: ఈసారి ఆటవెలది. గ్రూప్ థియరీ వాళ్లకే పరీక్ష. తల్లి గ్రూపు (ఏ రెండు మూలకాల్ని కలిపినా మళ్లీ అందులోదే వచ్చే, ప్రతిదానికీ విలోమం ఉండే సమితి), పిల్ల సబ్‌గ్రూపు (తల్లి లోపలే ఉన్న గ్రూపు). మూలకాల లెక్కలో పిల్ల పెద్దదవడం కుదరదు కాబట్టి "పెద్ద" అంటే జనరేటర్లు (కలుపుతూ, విలోమాలు తీస్తూ పోతే గ్రూపంతా పుట్టించే మూలకాలు, పద్యంలో జనకములు) ఎక్కువ కావాలని.

లఘువు:
రెండు జనకములకె మెండుగా మొలచిన
గుంపులోన నుండి కూన యొకటి
మూడు జనకములను ముచ్చటగాఁ గోరె
పిల్ల తల్లికంటెఁ బెద్దదయ్యె

పద్యపిచ్చి: గణాలు సరిపోయాయి, లెక్కా సరే. క, చ అనే రెండిటితో పుట్టిన ఫ్రీ గ్రూపులో (జనరేటర్ల మధ్య ఏ సంబంధమూ లేనిది) కక, చ, కచక⁻¹ తీసుకుంటే ఇండెక్స్ 2 ఉన్న (అంటే తల్లిని రెండు సమాన భాగాలు చేసే) సబ్‌గ్రూపు, దానికి మూడూ కావాల్సిందే. ష్రైయర్ సూత్రం ఇదే కదా, n జనరేటర్ల ఫ్రీ గ్రూపులో ఇండెక్స్ k అయితే సబ్‌గ్రూపుకి 1 + k(n−1) జనరేటర్లు. కానీ మెండుగా, ముచ్చటగా రెండూ పాదం నింపడానికి తెచ్చినవే. "గోరె" తర్వాత ద్రుతం (పదం చివరి నకారం) వల్ల "బిల్ల" రావాలి, సమస్య పాదం ముట్టుకోకూడదు గనక "గోరు" అనేయండి, గొడవ వదిలిపోతుంది.

శూన్యసమితి:
తల్లి రెంటితోడ దండిగా నిల్చెను
వరుస మార్చి చూడ వచ్చు తేడ
లెల్లఁ గూడినంత నెల్లలే లేనట్టి
పిల్ల తల్లికంటెఁ బెద్దదయ్యె

లఘువు: కమ్యూటేటర్లని (కచక⁻¹చ⁻¹ లాంటివి) "వరుస మార్చి చూడ వచ్చు తేడలు" అన్నారు, భలే! కానీ ఎల్లలే లేవని ఎలా తేలింది?

శూన్యసమితి: రెండు వలయాలు ఒక బిందువు దగ్గర అతికిన బొమ్మ తీసుకోండి, కమ్యూటేటర్లన్నీ పుట్టించే సబ్‌గ్రూపుకి దాని కవరింగ్ (ప్రతి చోటా దగ్గర్నుంచి చూస్తే ఆ బొమ్మలాగే ఉండే, విప్పి పరిచిన బొమ్మ) వేస్తే అనంతమైన గళ్ల కాగితం వస్తుంది, ఒక్కో గడికీ ఒక్కో లూపు, ఏదీ మిగతావాటితో రాదు, అంతే. ఇండెక్స్ అనంతం కాబట్టే ఇది కుదిరింది, ఇండెక్స్ ఫైనైట్ (పరిమితం) అయితే ఫైనైట్లీ జనరేటెడ్ (పరిమిత సంఖ్యలో జనరేటర్లు చాలే) తల్లికి పిల్లా అంతే.

గళ్లనుడి:
వరుస మార్చ నొకటె వచ్చెడి యింటిలో
తల్లి లెక్క దాట దచట పిల్ల
చూపుఁడయ్య నాకుఁ జోటొక్క టెచ్చట
పిల్ల తల్లికంటెఁ బెద్దదయ్యె

పద్యపిచ్చి: అబీలియన్ గ్రూపులకి (వరుస మార్చి కలిపినా ఫలితం మారనివి) నిజమే, సబ్‌గ్రూపుకి తల్లికంటే ఎక్కువ జనరేటర్లు పట్టవు. కానీ ప్రశ్నగా తిప్పేయడం పాత దారి, పైగా "చూపుఁడయ్య" అనగానే పై రెండు పద్యాలూ చూపిస్తారు, మూడో పాదంలో కూడా ఆ ఇంటి మాట ఉండాల్సింది. నా ఓటు శూన్యసమితికే.

లఘువు: ఫ్రీ గ్రూపే ఎందుకండీ, ఆరు వస్తువుల పర్మ్యుటేషన్ గ్రూపుకి రెండు జనరేటర్లు చాలు, 1-2, 3-4, 5-6 మార్పిడుల సబ్‌గ్రూపుకి మూడు కావాలి, అన్నీ ఫైనైటే.

శూన్యసమితి: ఆ మాటకొస్తే ఏ కౌంటబుల్ (మూలకాల్ని 1, 2, 3 అంటూ వరుసపెట్టగల) గ్రూపైనా రెండే జనరేటర్లున్న గ్రూపులో పిల్లగా ఇమిడిపోతుంది, 1949లో హిగ్మన్, నోయ్మన్ దంపతులు నిరూపించారు.

పద్యపిచ్చి: అది కందంలో రాయండి చూద్దాం, ఆ మూడు పేర్లూ గణాల్లో ఎలా కూర్చుంటాయో!